ట్రాక్టరును ఆపిన నాకా జమేదారు

కోదాడ నుంచి హుజూర్‌నగర్ దిక్కు పోయే బండ్లబాట మీద, వాగుకు ఇవతలి ఒడ్డున, పాత నాకా అని ఒకటుండె. రెండు అర్రలు, ముంగట ఒక రాతి అరుగు, బాటకు అడ్డం పెట్టే ఒక మొద్దు. నిజాం సర్కారు నడిచినన్ని రోజులు అండ్ల జమేదారు కూసుండి, పోయే ప్రతి బండిని ఆపి, మూటలిప్పించి సుంకం పట్టేటోడు. తర్వాత అర్రలకు తలుపులు పోయినయి, మనుషులు పోయిండ్రు. పొద్దుగూకితే ఆ తొవ్వల నడిచేటోడు లేకుంటయ్యిండు.

ఎందుకంటే… అండ్ల దయ్యం ఉన్నది.

దయ్యమంటే జుట్టు ఇరబోసుకున్న ఆడిదో, కొరివి పట్టుకొని తిరిగేదో అనుకునేరు. కాదు. మా ఊరి దయ్యం సర్కారు నౌకరు. ఆ జమేదారే. గత్తర రోగమొచ్చి ఆ అర్రల్నే సచ్చిండు. రెండు దినాల దాక ఎవ్వడూ తొంగి చూడలే. బతికుండంగ అంత మంచిపేరు సంపాదించుకున్నడు మరి.

సచ్చినంక సుత నౌకరి ఇడువలేదంట. చీకట్ల బండి పోతుంటే ఎడ్లు ఉన్నకాడనే నిలవడతయంట. అర్రలకెల్లి మెల్లగ… గొంతుల తెమడ అడ్డం పడ్డట్టు… ఒక మాట ఇనొస్తదంట —

"ఏం తీస్కపోతున్నవ్?"

థూ. పీడ ఇరగడయ్యిందని సంబరపడాల్సింది పోయి, దయ్యానికి సుత సుంకం కట్టెటందుకు తయారైన్రు మా వాళ్లు. నాకా దాటంగ అరుగు మీద ఇన్ని వడ్లో, ఒక తమలపాకో పెట్టిపోయేది. ఉడుతలు తినేది. దయ్యం తీసుకున్నదని వీళ్లు దండం పెట్టేది. గొర్రె కసాయోన్నే నమ్ముతదని ఊకెనే అనలేదు.

ఇగ అసలు ముచ్చట. ఇది నేను చూసింది కాదు, ఇన్నది. మా మేనమామ మట్టయ్య నోటి నుంచి ఇన్నది.

మట్టయ్య మామ మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఇంజను మిస్త్రీ. చేతిల ఇద్దె ఉన్నది, అది ఉన్నదని ఇంకా ఎక్కువ ఎరుక ఉన్నది. ఎదుటోడు నోరు తెరవకముందే వీనికేం తెల్వదని మొఖం తిప్పుకునే రకం. దేవుడన్నా, దయ్యమన్నా, దొరన్నా ఒక్కటే తీరుగ పెదవి ఇరిచేటోడు. అసుంటి మనిషి ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం తల వంచుకొని చెప్పిండు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు. అంతకుముందు ఎర్రజెండా సంఘపోళ్లు జోరు మీదున్నప్పుడు మా ఊరి దొర రాత్రికి రాత్రే పట్నం ఉరికిండు. తలకు రుమాలు సుత సుట్టుకోలేదంట. మిలిట్రీ లారీలు ఊళ్లకు వచ్చినంక, వాటి ఎనుక దుమ్ములకెల్లి మళ్ల దిగిండు. దిగుడు దిగుడే — నా భూములు నాకు గావాలె అన్నడు.

ఆ భూములల్ల దుర్గమ్మది మూడెకరాల చెల్క. నాకా దాటి, వాగు దాటంగనే ఉంటది. దుర్గమ్మ మొగడు దొర గడిల వెట్టి చేసి చేసి నడుమిరిగి సచ్చిండు. వాళ్ల తాతల నాటి చెల్కను దొర ఎన్నడో కలుపుకున్నడు. సంఘపోళ్లు తిరిగి ఇప్పించిండ్రు. మూడేండ్ల సంది ఆమెనే దున్నుకుంటున్నది. ఆ ఏడు మృగశిర కార్తెల తొలి వాన పడంగనే పెసలు ఏసింది. రెండాకులు వచ్చినయి.

పంటలు రాసుకునే సర్కారు గిర్దావరు బుధవారం నాడు ఊళ్లెకు వస్తడని తెలిసింది. చెల్కల ఎవరి పంట నిలవడి ఉంటే వాళ్ల పేరు రాసుకపోతడు. అంటే బుధవారం దాక ఆ రెండాకులు నిలిస్తే చెల్క దుర్గమ్మది. దున్ని తిరగేస్తే దొరది. ఇంతే లెక్క.

దొర జీతగాండ్లను పిలిచి నాగండ్లు కట్టుమన్నడు. ఒక్కడు కట్టలే. కడుపు నొచ్చుతుందని ఒకడు, ఎద్దు కుంటుతుందని ఒకడు. ముసలి బిక్షపతి అయితే మొఖం మీదనే చెప్పిండు, ముండమోపి నోటికాడి కూడు మీద నాగలి పెట్టనని. అప్పుడు దొరకు ట్రాక్టరు యాదికొచ్చింది.

ఆ ట్రాక్టరు సికింద్రాబాదుల మిలిట్రీ పటాలపోళ్ల తుక్కు వేలంపాటల తెచ్చింది. తెచ్చేనాటికే ముసలిది. దానికి పది మంది అక్కరలేదు, ఒక్క డ్రైవరు చాలు. జగ్గయ్యపేట దిక్కు నుంచి పిచ్చయ్య అనేటోన్ని పట్టుకొచ్చిండ్రు. రెండు నెలలు లారీ మీద కిలీనరు పని చేసిండు, అదే వాని సదువు. మా ఊరోళ్లు దాన్ని ఇనుప దున్న అన్నరు. ఆ మాటే కొంప ముంచింది.

ఎందుకంటే దున్న అన్నంక బొట్టు పెట్టాలె గద. గడి పంతులు వచ్చిండు. ఎద్దుకైనా దున్నకైనా బొట్టు నెత్తికే. మరి దీనికి నెత్తి ఏది? చుట్టు తిరిగి చూసి, అన్నిటికన్న మీదున్న టాంకి మూతకే పసుపు ముద్ద పెట్టిండు. ఊడిపోకుంట అండ్ల ఇంత బెల్లం కలిపిండు. దాని మీద కుంకుమ. అంత సదువుకున్న పంతులాయె!

ఇంకోటి — శుభానికి పోయేటప్పుడు కుండ నిండుగ ఉండాలె. అందుకని టాంకి పొంగేదాక డీజిలు పోయించిండ్రు. దొర పగలు దున్నిస్తే ఊరంత అడ్డం నిలవడతదని భయపడి, చీకటి పడ్డంక బయలెల్లమన్నడు. దొరతనమంటే గిట్లుంటది.

మొదటి రాత్రి ఇనుప దున్న గడి నుంచి బయలెల్లింది. ఊరు దాటింది. తుమ్మల గడ్డ దాటింది… నాకా కాడికి వచ్చింది.

గడ్… గడ్… గడ్…

ఆగింది. సరిగ్గ మొద్దు ముంగట.

పిచ్చయ్య దిగి హ్యాండిల్ తిప్పిండు. లెవ్వలే. డీజిలు ఉన్నదో లేదో చూద్దామని మూత తిప్పిండు… అప్పుడు ఇనవడ్డది. హుస్స్… అని పొడుగ్గ. ఎవరో ఊపిరి లోపటికి పీల్చినట్టు. పిచ్చయ్య మూత ఆడనే ఇడిచిపెట్టి ఉరికొచ్చి గడిల పడ్డడు.

తెల్లారి నాలుగు జతల ఎడ్లను కట్టి ఇనుప దున్నను గుంజుకొచ్చిండ్రు. ఆ సూపు చూసి ఊళ్లె ముసలోళ్లు సుత కడుపు పట్టుకొని నవ్విండ్రు. గడిల పెట్టి హ్యాండిల్ తిప్పంగ తిప్పంగ మంచిగనే లేసింది. ఏ రోగం లేదు. ఇగ చూడు — నాకా కాడ తప్ప ఏడ ఆగదు అంటే జమేదారు కాక ఇంకెవరన్నరు. పంతులు ఇంకింత మందంగ బొట్టు పెట్టిండు.

రెండో రాత్రి మళ్ల అక్కడ్నే ఆగింది. మూడో బొట్టు. మూడో రాత్రి మళ్ల అక్కడ్నే. బొట్టు మీద బొట్టు, బొట్టు మీద బొట్టు. మూడు మాట్లు హుస్స్‌మన్నది, మూడు మాట్లు పిచ్చయ్య ఉరికిండు. ఇంకో తొవ్వల నడిపి చూద్దామని ఒక్కనికి సుత తోచలే. అంత మంది మెదళ్లు కలిపి తూస్తే పావుశేరు రాదు.

అప్పుడు దొర మిర్యాలగూడకు మనిషిని తోలి మా మామను పిలిపించిండు. చెల్క ముచ్చట చెప్పలేదు. ట్రాక్టరు ఆగుతుంది, బాగు చెయ్యాలె అన్నరు. మామ వచ్చిండు. అంత ఇని, నవ్వి, ఇంజనుకు దయ్యం పట్టుడేంది, మీ తలకాయలకు పట్టింది అన్నడంట. సోమవారం పొద్దుగూకంగ పిచ్చయ్యను ఎక్కించుకొని బయలెల్లిండు. నా ముంగట ఎట్ల ఆగుతదో చూస్తనన్నడు.

ఆగింది. మొద్దు ముంగట.

పిచ్చయ్య ఒక్క దుంకు దుంకిండు. "నేనిక్కడ ఉండలేనండి," అన్నడు గుసగుసగ. "దాని ఊపిరి నా చెవులతో విన్నాను. మీరు కూడా వచ్చెయ్యండి." మామ వాని దిక్కు సుత చూడలే. వాని అడుగుల సప్పుడు దూరం పోయింది. ఇగ మామ, లాంతరు, ఇనుప దున్న… ఎదురుంగ తలుపుల్లేని రెండు అర్రలు.

మామ పని తీరు ఒక్కటే. ఇంజను ఆగితే దానికి నూనె, అంటే డీజిలు, అందుతుందా లేదా చూడాలె. అందకుంటే ఏడ తెగిందో కింది నుంచి మీదికి పట్టుకుంట పోవాలె. పంపు, జల్లెడ, పైపు, టాంకి. నడుమ ఒకటి ఎగవెట్టి దుంకొద్దు. దయ్యాన్ని పట్టాలన్నా వరుస తప్పొద్దు అనేటోడు.

పానా తీసి, జల్లెడ గిన్నె ఇప్పిండు. లాంతరు వెలుగుల చూసిండు. నీళ్లు లేవు, మట్టి లేదు. మంచిగ కడిగినట్టున్నది. బిగిచ్చిండు.

పంపు కాడ పైపు ఇప్పిండు. మీద టాంకి నిండ నూనె ఉన్నది. కింద ఇప్పితే బొళబొళ పారాలె. సన్నగ దారమంత వచ్చింది… బొట్టు బొట్టయ్యింది… ఆగింది.

మామ కిందనే కూసుండి ఆ పైపు మూతి దిక్కు చూసిండు. నిండు టాంకి కింద ఎండిన పైపు. పైపుల కసువు పడ్డదేమో అనుకున్నడు. పైన ఒకపారి చూద్దామని చక్రం మీద కాలు పెట్టి ఎక్కిండు. మూత మీద చెయ్యి పెట్టిండు. తిప్పిండు.

హుస్స్…

ఎవరో చెవి కాడ్నే ఊపిరి పీల్చినట్టు. చేతుల మీద ఎంటికలు లేసి నిలవడ్డయి. మామ ఆ సంగతి దాచుకోలే, భయమయ్యింది అని చెప్పిండు. ఎందుకంటే అదే గడియల కింద ఇంకో సప్పుడు మొదలయ్యింది. చీకట్ల, బండి కింద… ఏదో కారుతున్నది.

లాంతరు దించి చూసిండు. నూనె. ఎండిన పైపులకెల్లి బొళబొళ పారుతున్నది.

మామ మూత పెట్టిండు. పారేది సన్నబడ్డది, ఆగింది. మూత తీసిండు. హుస్స్… మళ్ల పారింది. పెట్టిండు, ఆగింది. అప్పుడు మూతను లాంతరు కాడికి పట్టుకొని బొట్టును గోరుతోని గీకిండు. సగం ఏలు మందం, పసుపు, బెల్లం, కుంకుమ, దాని మీద దుమ్ము. దాని అడుగున సూది పట్టేంత బొక్క.

నూనె కిందికి దిగినంత గాలి ఆ బొక్కలకెల్లి లోపటికి పోవాలె. పోకుంటే నూనె దిగదు. నిండు సీసను బోర్లిస్తే గుడగుడ అనుకుంట ఆగి ఆగి పడదా, అదే సంగతి. బొక్కను బొట్టుతోని మూసిండ్రు. టాంకిల పొంగేదాక పోసిండ్రు, గాలికి లోపట ఇంత జాగ సుత లేకుంట. గడి నుంచి నాకా దాక అరగంట తొవ్వ, అరగంటకు ఇంజను గొంతు ఎండుతది. ఇంకో దిక్కు తోలి ఉంటే ఇంకో కాడ ఆగేది. జమేదారు ఊపిరి అనుకొని పిచ్చయ్య ఉరికింది, మూత తీస్తే టాంకి గాలిని లోపటికి గుంజుకున్న సప్పుడుకు.

మామ ఆ చీకట్ల ఒక్కడే నవ్విండు. పంతుల్ని, దొరను, పిచ్చయ్యను, ఊరును పేరు పేరున తిట్టుకుంట నవ్విండు. సూది తీసి బొక్క సాఫు చేసిండు. పైపు బిగిచ్చి, పంపు కాడి మర వదులు చేసి, లోపట చిక్కిన గాలి బుడగలు పొయ్యేదాక నూనె ఒదిలిండు. మర బిగిచ్చిండు. ఇగ హ్యాండిల్ అందుకునేటోడే…

అర్రల దిక్కు నుంచి సప్పుడు.

అడుగులు. ఆగినయి. తర్వాత గుసగుస —

"సారూ… ఇయ్యాల సుత ఆపినవు. నీ కాళ్లు మొక్కుత… ఇంకొక్క రాత్రి. ఒక్క రాత్రి ఆపు."

మామ లాంతరు ఎత్తిండు. అరుగు కాడ ఒక ఆడమనిషి. చేతిల మోదుగాకు, దాంట్ల జొన్న సంకటి ముద్ద. వెలుగు మొఖం మీద పడినా ఉరకలే. ఎవరని అడిగితే దుర్గమ్మనని చెప్పింది. ఏం సంగతని అడిగితే చెల్క, పెసలు, బుధవారం, గిర్దావరు అంత చెప్పింది. ట్రాక్టరు ఎందుకు వాగు దాటాల్నో మామకు అప్పుడు తెలిసింది.

తెలిసినా మా మామ మా మామే. అక్కా, నీకు పిచ్చా, జమేదారు లేడు గిమేదారు లేడు అన్నడు. దీని రోగం నాకు దొరికింది, దున్నేటోడు ఉరికిండు గని రేపు రాత్రి ఇది వాగు దాటుతది అని సుత అన్నడు. ఆయనకు తన ఇద్దె చెప్పుకోకుంట ఉండుడు చేతగాదు.

దుర్గమ్మ ముద్దను అరుగు మీద పెట్టింది. కొంగు సదురుకున్నది.

"బతికుండంగ వీడు నా గంపల ఉప్పు కుమ్మరించిండు తమ్మీ," అన్నది. "నా మొగన్ని గీ మొద్దుకే కట్టేసి కొట్టిండు. గసుంటోని కాళ్లు మొక్కుతున్న. ఎందుకో ఎరికేనా? బతికున్నోళ్లనందర్ని అడిగి అడిగి ఇడిచిన. పటేల్ని అడిగిన, పట్వారిని అడిగిన, మిలిట్రోళ్ల సాబును అడిగిన. ఒక్కడు ఆపుతనన్లే."

మామ ఎగతాళిగ, మరి దయ్యం ఆపుతదా అన్నడు.

"ఆపింది గద. మూడు మాట్లు ఆపింది, గిది నాలుగోది." ఆమె మామ మొఖం దిక్కు చూసింది. "నువ్వు ఆపుతవా?"

"నా పని నడిపిచ్చుడు అక్కా. ఆపుడు కాదు."

ఆమె వచ్చిన తొవ్వనే చీకట్ల కలిసింది.

మామ హ్యాండిల్ తిప్పిండు. ఒక్క తిప్పుకే లేసింది. గంటసేపు నిలవెట్టి నడిపిండు, ఎక్కడా తడబడలే. బందు చేసిండు. రాత్రి తిండి లేకుంట వచ్చిండు, కడుపు కాలుతున్నది. అరుగు మీద సంకటి ఉన్నది. దయ్యం తినదని ఆయనకు ఎరికే గద… తిన్నడు. ఉప్పు సరిపోయిందంట, పచ్చిమిరపకాయ సుత పెట్టిందంట. కడుపు నిండినంక నిద్ర రావాలె. రాలే. తెల్లారేదాక చక్రానికి ఒరిగి కూసున్నడు.

మంగళవారం పొద్దుగాల ట్రాక్టరును తానే నడుపుకుంట గడికి పోయిండు. దొర సంబరమే సంబరం. మామ బాగయ్యిందన్నడు, రోగం ఏందో మాత్రం చెప్పలే. మిస్త్రీలకు ఆ బుద్ధి ఉంటది, మందు చెప్తే మల్ల పిలువరని. రాత్రి మళ్ల టాంకి పొంగిచ్చిండ్రు. పంతులు బొట్టు తెచ్చిండు. మామ అడ్డం చెప్పలే. కానీ ఈపారి బొక్కను మూసేంత ముద్ద పెట్టనియ్యలే, ఒక చుక్క పక్కకు పెట్టుమన్నడు.

ఈ రాత్రి దొర సుత వెంట వచ్చిండు. ట్రాక్టరు ముంగట, ఎనుక గూడున్న కచ్చడం బండిల దొర. వాగు దాటుడు, రెండాకులు తిరగబడుడు తన కండ్లతోని చూడాల్నట. ఆ మూడెకరాలు లేకుంటే గడిల పొయ్యి రాజుతలేదు పాపం.

పిచ్చయ్య స్టీరింగు మీద, మామ పక్కన మడ్‌గాడు మీద. ఊరు దాటిండ్రు. ఇంజను మంచిగ పాడుతున్నది. తుమ్మల గడ్డ దాటిండ్రు. పిచ్చయ్య పండ్లు టకటకమంటున్నయి. దీపం వెలుగుల అర్రల గోడ కనవడ్డది… అరుగు కనవడ్డది. అరుగు మీద కొత్త మోదుగాకు, దాంట్ల ముద్ద.

మొద్దు ఇంక పది అడుగులున్నది.

గడ్…

పిచ్చయ్య మామ చెయ్యి పట్టుకున్నడు.

గడ్… గడ్…

ఆగింది. మొద్దు ముంగట. వాగుల కప్పలు సుత అరుస్తలేవు.

దొర బండిలకెల్లి తల బయట పెట్టిండు. "మట్టయ్యా… మూత తియ్యి," అన్నడు మెల్లగ.

మామ మూత తిప్పిండు.

హుస్స్…

ఈపారి ఇంతకుముందుకంటె పొడుగ్గ. పీల్చి పీల్చి ఇడిచిపెట్టనట్టు. దొర రెండు చేతులతోని బండి కట్టెను పట్టుకున్నడు. మామ కిందికి దిగి, ఆయన ముంగట నిలవడి, అందరు ఇనంగ చెప్పిండంట — మనుషులు చేసిన మిషనుకు మనుషుల మందు ఉంటది దొరా, ఇది నా తోని కాదు, జమేదారు ఇడుస్తలేడు. అప్పటి దాక దయ్యమంటే ఉమ్మేసిన మనిషి!

దొర నోటికొచ్చినట్టు తిట్టిండు. నిన్ను పిలిపించిన నాకు బుద్ధి లేదు, మిల్లుల పొట్టు ఊడ్చుకోపో అన్నడు. తిట్టుకుంట తిట్టుకుంటనే బండి మలిపిచ్చిండు. ఎడ్లు తొందరగ నడుస్తలేవని చెర్నకోలతోని కొట్టిచ్చిండు. పిచ్చయ్య ఆ బండి ఎనుక ఉరికి, అట్నుంచి అటే జగ్గయ్యపేట పోయిండు. మల్ల మా దిక్కు రాలే.

బుధవారం గిర్దావరు వచ్చిండు. వాగు దాటి చెల్కల నిలవడ్డడు. పెసర మొలకలు చూసిండు. గట్టు మీద ఊరు మొత్తం చేతులు కట్టుకొని నిలవడి ఉన్నది. దుర్గమ్మ పేరు రాసుకొని పోయిండు.

ఇది జరిగిన ముప్పై ఏండ్లకు నేను మామను అడిగిన. బొక్క సాఫు చేస్తివి, గంట నడిపి చూస్తివి, మరి మంగళారం రాత్రి ఎట్ల ఆగింది? నిజంగనే జమేదారా?

మామ తల వంచుకొని చెప్పిండు. పైపుకు పగులొస్తే మిస్త్రీలు బట్టల సబ్బు మెత్తగ చేసి పూస్తరు. డీజిలుకు అది కరగదు. మంగళవారం పగలు గడిల అందరు తిని పండుకున్నంక, మామ సంచిలకెల్లి సబ్బు ముక్క తీసి, నూలు పోగు కలిపి పిసికి, మూతను తిరగేసి, లోపటి దిక్కు నుంచి ఆ బొక్కల కూరిండు. పంతులు బొట్టుకన్న గట్టిగ, అంగుష్టంతోని ఒత్తి ఒత్తి. జన్మల ఇంజన్లు బాగు చేసుడే తప్ప పాడు చేసుడు ఎరుగని చెయ్యి అది.

మరి దుర్గమ్మకన్నా చెప్పకపోయినవా మామా అన్న. ఆమె నోట్ల ఆగుతదా, పగటికల్ల గడిల తెలుస్తది, మల్ల దున్నుతరు అన్నడు. అందుకే నోరు మూసుకున్నడు. మిర్యాలగూడ మిల్లుల ఆయనను దయ్యం మిస్త్రీ అన్నరు. బాగు చేయరాక జమేదారు మీద పెట్టిండని హమాలీలు సుత నవ్విండ్రు. అంత గీర ఉన్న మనిషి, రిటైరయ్యేదాక ఆ పేరు మోసిండు.

ఆ బుధవారం మాపటికి కోదాడ దిక్కు నుంచి వచ్చే బండి కోసం మామ నాకా కాడనే కూసున్నడు. దుర్గమ్మ కోడిని కోసి అరుగు మీదికి తెచ్చింది. ముందుగాల మోదుగాకుల జమేదారుకు పెట్టి, మోకాళ్ల మీద పడి మొక్కింది. నువ్వే నా తోడబుట్టినోనివి సారూ అని ఏడ్చింది. తర్వాత లేసి, మామ దిక్కు తిరిగి, ఇంకో ఆకు ఏసింది.

"తిను తమ్మీ. చెయ్యిరాని పనికి ఇంత దూరం వస్తివి, ఉత్త చేతులతోని పోతున్నవు," అన్నది. "మొన్న రాత్రి ఎంత గొప్పలు చెప్పినవు. ఇగనన్నా పెద్దోళ్ల మాట ఇను."

తొడముక్క జమేదారు ఆకుల ఉన్నది. మామకు మెడముక్క పడ్డది.

ఆయన తల ఎత్తకుంట, ఆ మెడముక్కను ఎముకలు తేలేదాక తిన్నడంట.